రెండు వైపులా ముఖమే: ఇక్కత్‌తో రెండువైపుల కుషన్ కవర్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా

చౌటుప్పల్ దగ్గర కొయ్యలగూడెంలో ఒక మగ్గం పక్కన కూర్చుని బట్టను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. పై వైపు ఏదో, లోపలి వైపు ఏదో అంతు చిక్కడం లేదు. నేస్తున్న పెద్దాయన చెయ్యి ఆపి, "ఎంతసేపు తిప్పినా అంతే బిడ్డా. దీనికి ఎనుక దిక్కు లేదు. రెండు దిక్కులా ముఖమే" అన్నారు.

అప్పటికి ఏడాదిగా నల్లగొండలో మా ఇంట్లోనే కుషన్ కవర్లు కుట్టి అమ్ముతున్నాను. ముందు వైపు ఇక్కత్, వెనుక వైపు చవక తెల్ల పాప్లిన్. అందరూ అలాగే కుడతారు, నేనూ అలాగే కుట్టాను. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి నా కవర్లన్నీ మంచం మీద పరుచుకుని చూస్తే ప్రతిదానికీ ఒక వీపు కనపడింది. సోఫా మీద దిండు తిరగబడితే ఇంటావిడ లేచి వచ్చి సరిచేయాల్సిన వీపు అది. ఆ రోజు నుంచి వీపు లేని కవర్లే కుడుతున్నాను. ఇంట్లో ఒక కుట్టు మిషన్, జిప్పు వేయడం వచ్చిన చెయ్యి ఉంటే మీరూ మొదలుపెట్టవచ్చు.

ఇక్కత్‌కు రెండు వైపులూ ఒకేలా ఎందుకుంటాయో తెలిస్తే మిగతా పని సులువవుతుంది. ఇందులో బట్ట నేశాక బొమ్మ అద్దరు. నేయకముందే నూలుకు లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు పట్టదు, లేనిచోట పోగు చుట్టూరా పడుతుంది. ఆ నూలుతో నేస్తారు కాబట్టి బొమ్మ బట్టకు రెండు పక్కలా కనిపిస్తుంది. ప్రింటు బట్టకు ఈ గుణం ఉండదు, వెనుక వెలిసినట్టు ఉంటుంది. కొనేటప్పుడు అసలును, నకిలీని వేరుచేయడానికి నేను ముందు చూసేది కూడా ఇదే.

ముందు జత తేల్చుకోండి

రెండువైపుల కవరంటే రెండు అందమైన బట్టలు తెచ్చి కలిపి కుట్టేయడం కాదు. రెండు వైపులూ ఒకే ఇంట్లో, ఒకే సోఫా మీద బతకాలి. నేను పాటించే నియమం ఒక్కటే: రెండు వైపుల్లోనూ కనీసం ఒక రంగు ఉమ్మడిగా ఉండాలి. మెరూన్ ఇక్కత్‌లో సన్నగా గోధుమ రంగు గీత ఉంటే, అవతలి వైపు ఆ గోధుమ రంగే నిండుగా తీసుకుంటాను. అప్పుడు దిండు తిప్పినా గదిలో రంగు గొడవపడదు.

రెండోది, ఒక వైపు గట్టిగా మాట్లాడితే ఇంకో వైపు నెమ్మదిగా ఉండాలి. రెండు వైపులా పెద్ద బొమ్మలుంటే కొనేవాళ్లకు ఎటు పెట్టాలో తోచదు, చివరికి ఒకే వైపు పెట్టి వదిలేస్తారు. పండగకు ఒక వైపు, మామూలు రోజులకు ఒక వైపు అనుకుని జత కలపండి. పోచంపల్లి చతురస్రాల ఇక్కత్‌కు అవతల నారాయణపేట తరహా సన్న గళ్లు బాగా కుదురుతాయి. పుట్టపాక తేలియా రుమాలు పద్ధతిలో వచ్చే ఎరుపు, నలుపు, తెలుపు మూడూ ఒక వైపు ఉంటే, అవతల ఆ మూడింటిలో ఏదో ఒక్క రంగు చాలు. గద్వాల చీర అంచు ముక్కలు చూసి చాలామందికి ఆశ పుడుతుంది. గద్వాలలో ఒళ్లు నూలు, అంచు పట్టు. ఉతికితే ఆ రెండూ ఒకేలా ముడుచుకోవు. మొదటి ఆరు నెలలు ఆ జోలికి పోకండి.

కథ ఉన్న జత ఇంకా బాగుంటుంది. మా ఊరి పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. దాన్ని చూసి ఒక జత చేశాను: ఒక వైపు లేత రంగు బట్ట మీద నిలువుగా ముదురు పట్టీ, అది స్తంభం. అవతలి వైపు అదే కొలతలో, అదే చోట, అదే పట్టీ బూడిద రంగులో. అది నీడ. తిప్పితే స్తంభం నీడవుతుంది. వివరంలో రెండే వాక్యాలు రాశాను, నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ మంది అడిగి తెలుసుకున్న కవరు ఇదే. బతుకమ్మ రోజుల్లో తంగేడు పసుపు ఒక వైపు, గునుగు పువ్వు తెలుపూ లేత ఊదా ఇంకో వైపు పెట్టినా అంతే, మనవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. దేవుడి బొమ్మలు మాత్రం కుషన్ మీద వద్దు. దిండు మీద కూర్చుంటారు, కాళ్లు తగులుతాయి. కొన్నవాళ్లు బాధపడతారు, పెట్టుకోలేక పక్కన పడేస్తారు. స్తంభం, నీడ, గోపురం అంచు తరహా త్రికోణాల వరకు వెళ్లండి, అక్కడ ఆగండి. సినిమా బొమ్మలు, కార్టూన్ బొమ్మలు కూడా అనుమతి లేకుండా వాడకూడదు.

మన దగ్గర సోఫా కుషన్ కవర్లు ఎక్కువగా అయిదింటి సెట్టుగా అడుగుతారు. అందుకని జత తేల్చే ముందు రెండు బట్టల నుంచీ అయిదేసి చిన్న నమూనా ముక్కలు కోసి, కుట్టకుండా, సోఫా మీద పరిచి చూడండి. మూడు ఇటు, రెండు అటు. తర్వాత రెండు ఇటు, మూడు అటు. తర్వాత అయిదూ ఒకే వైపు. ఈ మూడు అమరికల్లోనూ కళ్లకు ఇబ్బంది లేకపోతేనే ఆ జత నిలుస్తుంది. రెండువైపుల సెట్టు కొన్నవాళ్లకు నిజంగా దక్కేది ఈ తిప్పుకునే వీలే.

బట్ట ఎంత, ఎలాంటిది

మొదట ఒకే సైజు పెట్టుకోండి, 16 అంగుళాల చదరం. దాదాపు 40 సెంటీమీటర్లు. మన ఇళ్లలో సోఫాలకు ఇదే ఎక్కువగా నప్పుతుంది, లోపలి దిండ్లు కూడా ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

చుట్టూ అర అంగుళం మార్జిన్ వదిలితే ఒక్కో ముక్క 17 అంగుళాల చదరం. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న బట్టలో అడ్డంగా రెండు ముక్కలు, మీటరు పొడవులో నిలువుగా రెండు, మొత్తం 4 వస్తాయి. అంటే ఇక్కత్ ఒక మీటరు, అవతలి వైపు బట్ట ఒక మీటరు తెస్తే 4 కవర్లు. ఉతికాక కాస్త ముడుచుకున్నా 34 అంగుళాలకు చోటు మిగులుతుంది. ఇదే లెక్క 18 అంగుళాల కవరుకు వేస్తే 38 అంగుళాలు కావాలి. మీటరు అంటే 39 అంగుళాల పైచిలుకు, ఉతికితే సరిపోకపోవచ్చు. ఆ సైజుకు మీటరుకు ఇంకో 10 సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి. ఇక బొమ్మ సరిగ్గా మధ్యకు రావాలంటే కొంత బట్ట వృథా అవుతుంది. ఆ వృథాను కూడా ధరలో వేసుకోవాలి.

రెండు బట్టల బరువు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మందంగా, ఇంకొకటి పల్చగా ఉంటే దిండు పెట్టగానే పల్చటి వైపు ఉబ్బి, కుట్టు ఆ వైపుకు లాగుతుంది. పల్చటిది తప్పదనుకుంటే దాని వెనుక కాన్వాస్ అతికించి ఇస్త్రీ చేయండి. టైలరింగ్ సామాను దుకాణంలో ఫ్యూజింగ్ అని అడిగితే ఇస్తారు.

బట్టకు పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక వైపు నేరుగా వెళ్లడమే నాకు మేలు అనిపించింది. చౌటుప్పల్ దాకా విజయవాడ హైవే మీద బస్సు, అక్కడి నుంచి ఆటో. మాస్టర్ వీవర్ల (నూలు ఇచ్చి నేయించేవాళ్ల) దగ్గర, సొసైటీల్లో బట్ట తానుల చివరి ముక్కలు కూడా దొరుకుతాయి, కుషన్లకు అవి బాగా పనికొస్తాయి. కానీ ఒకే డిజైన్ మళ్లీ మళ్లీ కావాలంటే ముక్కలతో కుదరదు. ఒకసారి మగ్గానికి పడుగు (నిలువు పోగులు) ఎక్కించాక దాని మీద వరసగా నేస్తూనే పోతారు, మనకోసం రెండు మీటర్లకు పడుగు మార్చమంటే వాళ్లకు గిట్టదు. ఎన్ని మీటర్లయితే గిట్టుబాటవుతుందో వాళ్లనే అడిగి, మీ అమ్మకం చూసుకుని మాట ఇవ్వండి. ఇచ్చిన మాట తప్పకండి. ఆ నూలుకు కట్లు కట్టడానికే ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కూర్చుంటారు. చీరలకు ఆసు పోయడంలో, అంటే కట్లు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడంలో, ఆడవాళ్ల చేతులు రోజుకు వేలసార్లు అటూ ఇటూ కదిలేవి. ఆలేరు దగ్గర షార్జీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బేరం ఆడే ముందు ఆ భుజాలు నాకు గుర్తొస్తాయి.

పోచంపల్లి ఇక్కత్‌కు, తేలియా రుమాలుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఇక్కత్ బొమ్మను ప్రింటు వేసిన బట్టను ఆ పేర్లతో అమ్మకండి. ప్రింటు అయితే ప్రింటు అనే రాయండి, కొనేవాళ్లు దానికీ ఉన్నారు.

రంగు పరీక్ష చేయకుండా కత్తెర పట్టకండి

నా మొదటి రెండువైపుల సెట్టు ఒక వైపు మెరూన్, ఒక వైపు మీగడ రంగు. దుకాణంలో "రంగు గ్యారంటీ" అన్నారు, నమ్మాను. మెరూన్‌ను విడిగా ఒకసారి ఉతికితే నీళ్లు పెద్దగా మారలేదు. కుట్టి పంపేశాను. నెల తర్వాత కొన్నావిడ ఫొటో పంపింది. మీగడ వైపు నాలుగు అంచుల వెంట గులాబీ రంగు గీత. మధ్యలో ఎక్కడా లేదు, కుట్టు పక్కనే. ఉతికి ఆరేసినప్పుడు బట్ట ముందు ఆరిపోయింది, అంచుల్లో నాలుగైదు పొరలు ఉండటంతో అక్కడ తడి నిలిచింది, ఆ తడిలో మెరూన్ రంగు పక్క బట్టలోకి పాకింది. ఒక్క రంగు కవరులో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. రెండువైపుల కవరులో దాచడానికి చోటే లేదు. ఆ సెట్టు మొత్తం కొత్తది కుట్టి పంపాను.

ఇప్పుడు చేసే పరీక్ష ఇది. ముదురు బట్ట నుంచి 4 అంగుళాల ముక్క, లేత బట్ట నుంచి అంతే ముక్క కోసి, నాలుగు పక్కలా నిజం కవరులాగే కుట్టి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కూడా చేస్తాను. స్టీలు గిన్నెలో వేడి నీళ్లు, బట్టల పొడి వేసి అర గంట నానబెడతాను. తీసి పిండి, ఆరేయకుండా, మడిచి ఒక పళ్లెంలో తడిగానే రాత్రంతా వదిలేస్తాను. పొద్దున విప్పి కుట్టు పక్కన చూస్తాను. లేత వైపు శుభ్రంగా ఉంటేనే ఆ జత ఖాయం. గీత పడితే జత మారుస్తాను, లేదా లేత రంగు బదులు మధ్యరకం రంగు తీసుకుంటాను. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. ఒకసారి అద్దేసిన రంగును ఉప్పు కట్టిపడేయలేదు, దాని మీద ఆధారపడకండి.

పరీక్ష గెలిచాక రెండు బట్టలనూ విడివిడిగా ఉతికి, నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ముడుచుకోవాల్సినంత ఇక్కడే ముడుచుకోవాలి. ఒకటి ఉతికి, ఒకటి ఉతకకుండా కుడితే మొదటి ఉతుకులోనే కవరు మెలితిరుగుతుంది.

పోగు లాగి కోయండి

చేనేత బట్ట బల్ల మీద పరిస్తే చదరంగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ ఉతికి ఆరేశాక అడ్డం పోగులు ఒక పక్కకు వంగి ఉంటాయి. స్కేలు పెట్టి గీత గీస్తే గీత నిటారుగా వస్తుంది, బొమ్మ వంకరపోతుంది. ఇక్కత్‌లో చతురస్రాలు ఉంటే ఆ వంకర అర అంగుళమైనా దూరం నుంచే తెలుస్తుంది.

అందుకని అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, ఒక్క పేక పోగును (అడ్డం పోగును) సూది మొనతో పైకి తీసి, రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. బట్ట కుచ్చులు పడుతుంది. కుచ్చును రెండో చేత్తో ముందుకు జరుపుతూ పోతే పోగు బయటికి వస్తుంది, అది ఉన్నచోట వెంట్రుకంత సన్నటి దారి మిగులుతుంది. మధ్యలో తెగితే కత్తెరతో అక్కడిదాకా కోసి, పక్క పోగు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఆ దారి వెంట కోస్తే ముక్క బొమ్మతో సమంగా వస్తుంది. ఒక మీటరుకు పావుగంట పడుతుంది. తొందరపడి ఈ పని మానేసిన రోజున కోసినవి అమ్మడానికి నాకే మనసు ఒప్పలేదు.

మధ్య బొమ్మ ఎక్కడ రావాలో ముందే చూసుకోండి. గట్టి అట్టను 17 అంగుళాల చదరంగా కోసి, మధ్యలో 16 అంగుళాల కిటికీ తీసి, బట్ట మీద జరుపుతూ చూస్తే కవరు పూర్తయ్యాక ఎలా ఉంటుందో అక్కడే కనిపిస్తుంది.

కోశాక మూలల పని. చదరంగా కోసి కుడితే దిండు పెట్టినప్పుడు మూలలు చెవుల్లా నిలబడి, లోపల దూది అందక వేలాడతాయి. ప్రతి మూల నుంచి రెండు పక్కలకూ 4 అంగుళాల దూరంలో గుర్తు పెట్టండి. మూల దగ్గర రెండు అంచుల నుంచీ అర అంగుళం లోపలికి ఒక చుక్క. ఆ గుర్తుల నుంచి చుక్కకు మెల్లగా గీత కలిపి కోయండి. చూడటానికి ముక్క మూలలు నొక్కుకుపోయినట్టు ఉంటుంది, దిండు పెట్టాక మాత్రం చక్కటి చదరం వస్తుంది. రెండు వైపుల ముక్కలకూ ఒకే అట్ట నమూనాతో కోయండి.

అడుగు ఏదో ముందే తేల్చండి

మామూలు కవరుకు జిప్పు వెనుక వైపు మధ్యలోనో, ఓ పక్కనో వేస్తారు. మన కవరుకు వెనుక లేదు కాబట్టి జిప్పు రెండు ముక్కలు కలిసే అంచులోనే, అది కూడా అడుగు అంచులోనే దాగాలి. ఇక్కడే చాలామంది తడబడతారు, నేనూ తడబడ్డాను.

చిలుకలు, ఏనుగులు, చెట్లు, నా స్తంభం లాంటి బొమ్మలకు తల ఉంటుంది, కాలు ఉంటుంది. దిండును మనం పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పుతాం. అలా తిప్పినప్పుడు పైన ఉన్నది పైనే ఉండాలి. కాబట్టి రెండు ముక్కల ముఖాలు ఎదురెదురుగా పెట్టి, రెండు బొమ్మల తలలూ ఒకే దిక్కు ఉండేలా చూసి, పాదాల వైపు అంచుకు సుద్దతో గీత పెట్టండి. జిప్పు అక్కడే. గీత పెట్టకుండా మిషన్ మీదికి తెస్తే కచ్చితంగా ఎక్కడో ఒకటి తలకిందులవుతుంది. ప్రతి ముక్కకు పైన చిన్న గుండుసూది గుచ్చి పెట్టుకోవడం నా అలవాటు.

16 అంగుళాల కవరుకు 14 అంగుళాల కనపడని జిప్పు తీసుకోండి. రంగు ఏ వైపుకు కలపాలన్న ప్రశ్న వస్తుంది. పైపింగ్ (అంచు చుట్టూ వేసే సన్న పట్టీ) రంగుకు కలపండి, అప్పుడు ఏ వైపుదీ కాకుండా అంచుదే అయిపోతుంది. చవక జిప్పు కొనకండి. పళ్లు విడిపోతే ఎంత మంచి ఇక్కత్ అయినా వెనక్కి వస్తుంది. హోల్‌సేల్‌గా కావాలంటే హైదరాబాద్ బేగంబజార్ వెళ్లడం మేలు, డజన్ల లెక్కన ఇస్తారు.

కుట్టే వరస

ముందు నాలుగు అంచులకూ ఓవర్‌లాక్. మీ దగ్గర ఆ మిషన్ లేకపోతే పీకో, ఫాల్ వేసే దుకాణంలో ముక్కకు ఇంతని తీసుకుని చేసిపెడతారు.

తర్వాత పైపింగ్. ఒకే రంగు కవరులో కుట్టు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోయినా ఎవరికీ తెలియదు. రెండు రంగులు కలిసేచోట ఆ కుట్టే ఒక గీతలా కనిపిస్తుంది, వంకర ఉంటే వంకరే కనిపిస్తుంది. పైపింగ్ ఆ గీతను తన మీద వేసుకుంటుంది. బట్టను 45 డిగ్రీల క్రాస్‌లో ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, లోపల సన్న డోరీ పెట్టి కుట్టండి. ఒక్కో కవరుకు దాదాపు 68 అంగుళాలు పడుతుంది. కోత ముక్కల నుంచి తీస్తే అతుకులు ఎక్కువవుతాయి, విడిగా ప్లెయిన్ బట్ట తీసుకోండి. పైపింగ్‌ను ఒక ముక్క ముఖం మీద చుట్టూ వేసి, చివరలు అడుగు అంచు మధ్యలో కలపండి. మూలల దగ్గర పట్టీకి మూడు చిన్న గాట్లు పెడితే సాఫీగా తిరుగుతుంది.

ఇప్పుడు జిప్పు. మిగతా మూడు పక్కలు కుట్టకముందే, ముక్కలు చదునుగా ఉన్నప్పుడే వేయాలి. జిప్పు ఫుట్ పెట్టి, ఒక పట్టీ ఈ ముక్కకు, రెండో పట్టీ ఆ ముక్కకు. రెండు చివరల్లోనూ అంగుళం చొప్పున మామూలు కుట్టు వేసి, అక్కడ రెండు మూడు సార్లు వెనక్కి ముందుకు తోలండి. చిరిగేది ఎప్పుడూ ఆ అంగుళం దగ్గరే.

జిప్పు సగం తెరవండి. ఇది మరిచిపోతే కవరు మూసుకుపోయి బయటికి తిప్పడం కుదరదు. ముఖాలు లోపలికి పెట్టి మిగతా మూడు పక్కలు పైపింగ్‌కు ఆనించి కుట్టండి. పై దారం, బాబిన్ దారం వేర్వేరు రంగులైతే దారం టెన్షన్ సరిగ్గా చూసుకోవాలి, లేకపోతే ఒక రంగు చుక్కలు అవతలి వైపు పైకి తేలుతాయి. నేను రెండింటికీ పైపింగ్ రంగు దారమే వాడతాను, ఆ బాధ ఉండదు. తిప్పి, మూలలను చెక్క పుల్లతో లోపలి నుంచి నెట్టండి, కత్తెర మొనతో కాదు.

లోపలి దిండు కవరు కంటే అంగుళం, రెండంగుళాలు పెద్దదిగా ఉండాలి, 16 కవరుకు 17 లేదా 18. అప్పుడే రెండు వైపులా బిగువుగా నిండుతుంది. బూరుగు దూది మెత్తగా ఉంటుంది కానీ కొన్నాళ్లకు అణిగిపోయి ఒక పక్కకు చేరుతుంది. ఆన్‌లైన్ అమ్మకానికి ఫైబర్ దిండే నయం.

ప్రింటు వేయించేవాళ్లకు

మిషన్ లేకుండా, డిజైన్ మాత్రమే చేసి ప్రింటు వేయించి అమ్మాలనుకుంటే దారి వేరు. వేడితో రంగు ఎక్కించే సబ్లిమేషన్ ప్రింటు పాలిస్టర్ మీదే నిలుస్తుంది, నూలు బట్ట మీద పట్టదు. నూలుకు వేరే ప్రింటు పద్ధతి అడగాలి. 17 అంగుళాలకు అంగుళానికి 150 చుక్కల చొప్పున కనీసం 2550 పిక్సెళ్లు ఒక్కో పక్కకు కావాలి, 300 అయితే 5100. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్ పెడితే మసకగా వస్తుంది. రెండు వైపులకూ రెండు ఫైళ్లు పంపండి, రెండింటిలోనూ "పైన" అని ఫైలు పేరులోనే రాయండి. ముఖ్యమైన బొమ్మను అంచు నుంచి రెండంగుళాలు లోపల ఉంచండి. మొదట ఒక్క కవరు మాత్రం తెప్పించుకుని, ఉతికి, అప్పుడే అమ్మకానికి పెట్టండి.

ఫొటో, వివరం

కొనేవాళ్లకు తెర మీద ఒక దిండు చూపిస్తే రెండో వైపు ఉందని ఊహించరు. మొదటి ఫొటోలోనే రెండు దిండ్లు పక్కపక్కన పెట్టి, ఒకటి ఇటు, ఒకటి అటు చూపించండి. రెండో ఫొటో అంచుది, జిప్పు దాగిన చోటు దగ్గరగా. మూడోది సోఫా మీద అయిదూ కలిపి. ఇంకా ఒక చిన్న వీడియో: ఒక చెయ్యి దిండును పేజీలా తిప్పడం, అంతే. ఆ నాలుగు సెకన్లు ఎంత వివరం రాసినా చెప్పలేని మాట చెబుతాయి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కిటికీ పక్క వెలుతురులో తీయండి. ట్యూబ్‌లైట్ కింద మెరూన్ గోధుమగా మారి, "ఫొటోలో వేరే రంగు" అన్న ఫిర్యాదు వస్తుంది.

పేరులోనే మూడు మాటలు ఉండాలి: సైజు, "రెండు వైపులా వేర్వేరు డిజైన్", "కవరు మాత్రమే". "లోపల దూది లేదు" అని వివరం మొదటి వరుసలో మళ్లీ రాయండి. ఇది రాయని రోజుల్లో నాకు వచ్చిన కోపాలన్నీ దీని గురించే. రెండు వైపులా అదే బొమ్మ ఉంటుందనుకుని కొన్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు అర్థమయ్యేలా ఫొటో మీదే "ఈ వైపు", "ఆ వైపు" అని రాసి పెట్టండి. చేనేతలో బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉండటం లోపం కాదని, నూలు కట్టి అద్దడం వల్ల అలా వస్తుందని ఒక వాక్యం చాలు.

ధర, పంపడం, కాగితాలు

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇక్కత్ మీటరు 300, అవతలి బట్ట మీటరు 160 అనుకుంటే నాలుగు కవర్లకు 460, అంటే కవరుకు 115. జిప్పు 12, పైపింగ్, దారం 10, ఓవర్‌లాక్ 10, ఉతుకు, ఇస్త్రీ 10, కుట్టు కూలి 60, ట్యాగు, ప్యాకింగ్ 25. మొత్తం 242. కుట్టేది మీరే అయినా కూలి వేసుకోండి. రేపు ఆర్డర్లు పెరిగి పక్కింటి చెల్లెలికి పని ఇవ్వాల్సి వస్తే ఆ 60 ఎక్కడి నుంచి తెస్తారు? 499కి అమ్మి, వేదిక కమిషన్ 100, కొరియర్ 60 పోయిందనుకుంటే చేతికి 339, అందులో మిగిలేది 97. పదింటిలో ఒకటి వెనక్కి వస్తే రానుపోను ఖర్చు కూడా ఇందులోంచే. ఈ లెక్కలో మీ అంకెలు పెట్టుకుని చూడకుండా 299 అని పెట్టకండి. పక్క దుకాణం ప్రింటు కవరు ధరతో పోటీకి దిగితే నేసినవాళ్లకూ మిగలదు, మీకూ మిగలదు.

దిండు నింపి పంపడం గురించి అడుగుతుంటారు. చాలా కొరియర్లు బరువుతో పాటు పరిమాణం కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు, అసలు బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 40, 40, 15 కొలతల డబ్బాలో పెట్టిన ఒక్క దిండు 24000, అంటే 4.8 కిలోల లెక్క. అసలు బరువు అర కిలో ఉంటుంది. మడిచిన కవరు 25, 20, 2 అయితే 0.2 కిలో. అందుకే కవర్లు మాత్రమే అమ్మండి. వానల్లో తడవకుండా లోపల ఒక ప్లాస్టిక్ కవరు తప్పదు. రెండు రంగుల మధ్య ఒక తెల్ల కాగితం పెట్టి మడవండి.

ఆన్‌లైన్ వేదికల ద్వారా వేరే రాష్ట్రాలకు అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి, పరిమితి లోపు అమ్మకాలు ఉండి రాష్ట్రం లోపలే అమ్మే చిన్నవాళ్లు రిజిస్ట్రేషన్ లేకుండా, జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని వేదికల మీద అమ్మవచ్చు. కవర్లు హెచ్‌ఎస్‌ఎన్ (పన్ను కోసం సరుకుకు ఇచ్చే కోడ్) 6304 కిందికి, నింపిన దిండ్లు 9404 కిందికి వస్తాయి. పన్ను రేటు ఆ సంవత్సరానిది ఆడిటర్‌తో సరిచూసుకోండి. ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, ఎన్ని ముక్కలు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి.

దసరా, దీపావళికి అమ్మాలనుకుంటే బట్ట మాట ఎండాకాలంలోనే ఇవ్వండి. వానలు మొదలయ్యాక అద్దిన నూలు త్వరగా ఆరదు, గుంట మగ్గాల్లోకి చెమ్మ వస్తుంది, నేత నెమ్మదిస్తుంది. ఆ రోజుల్లో ఫోన్ చేసి తొందరపెట్టడం వల్ల లాభం లేదు. నేను ఉగాది దాటగానే కొయ్యలగూడెం వెళ్లి, పెద్దాయన దగ్గర కూర్చుని, వచ్చే పండగకు ఏ రంగులో తేల్చుకుని వస్తాను. ఈసారి తంగేడు పసుపు అనుకున్నాం. అవతలి వైపు ఏ రంగన్నది నూలు అద్ది ఆరేశాక చూసి చెబుతానన్నారు.